తిడుతూనే తిరగేసిన పేజీలు

*సాహిత్యమే కాదన్నారు. అయినా తెల్లారేసరికి చదివి ముగించారు. పరుపుల కింద, పాఠ్యపుస్తకాల మధ్య పెరిగిన నవలల ముచ్చట ఇది.*

మా ఊరి అద్దె పుస్తకాల కొట్లో నవలకు రోజుకి అర్ధరూపాయి. అట్ట ఊడితే గోధుమరంగు కాగితం అంటించి, స్కెచ్‌పెన్నుతో పేరు రాసేవాడు కొట్టాయన. అలా తెచ్చుకున్న ఓ మధుబాబు షాడో నవలలో నలభయ్యో పేజీ అంచున ఎవరో పెన్సిల్‌తో గీకారు: "ఇంతమందిని ఒక్కడే కొడతాడా? చెవిలో పువ్వు!" చివరి పేజీలో మళ్లీ అదే చేతిరాత: "రెండో భాగం ఎవరి దగ్గరుంది?"

అక్కయ్యల రాజశేఖరం

షాడో మా సోషల్ పుస్తకంలో దాక్కుంటే, యద్దనపూడి సులోచనారాణి హీరో అక్కయ్యల దిండు కింద ఉండేవాడు. ఆరడుగుల మనిషి, కారు, బంగళా, కాస్త పొగరు. ఎదురుగా ఆత్మాభిమానం తప్ప ఆస్తిలేని మధ్యతరగతి అమ్మాయి. చివరికి ఇద్దరూ ఒకటవుతారని అందరికీ తెలుసు. 'సెక్రటరీ'లో జయంతి, రాజశేఖరం ఎప్పుడు ఒక దారికొస్తారన్నదే ఆరాటం. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా వచ్చినా ఆ ఆరాటం తగ్గలేదు.

పగటికలలు అమ్ముతున్నారని విమర్శకులు విసుక్కున్నారు. నిజమే. కానీ ఆ కలలో ఆఫీసుకెళ్లే ఆడపిల్ల ఉంది, ఊరికే మాట పడని ఆడపిల్ల ఉంది. అక్కయ్యలు కారును చూసి మురిసినంతగా ఆ పిల్లను చూసీ మురిసిపోయారు.

చదివి మరీ తిట్టారు

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో పత్రిక కోసం ఇంట్లో కొట్లాటే. పసిపిల్ల మీద చేతబడి. ప్రాణం గొంతులోకొచ్చే చోట 'సశేషం'. వారం రోజులు పాఠకుణ్ని అలా వేలాడదీయడం అల్లాటప్పా విద్య కాదు.

రంగనాయకమ్మ ఊరుకోలేదు. 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అంటూ ఆ నవల మీద ఏకంగా పుస్తకమే రాశారు. మూఢనమ్మకాలకు నీళ్లు పోసి పెంచుతోందన్నది ఆమె కోపం. ఆ కోపంలో న్యాయముంది. అయితే ఆమె నవలను చదివి, దాని పట్టు ఎంతటిదో ఎరిగి తిట్టారు. అట్ట చూసి ముక్కు చిట్లించేవాళ్ల తిట్టుకు ఆ విలువ రాదు. 'బాగుంది' అనడానికైనా, 'ఛీ' అనడానికైనా ముందు చదవాలి కదా! రెండూ ఒకే నోటితో అన్నా తప్పు లేదు.

ఆ షాడో పుస్తకం తిరిగిచ్చే ముందు నేనూ పెన్సిల్ తీశాను. 'చెవిలో పువ్వు' పక్కన టిక్కు పెట్టాను. చివరి పేజీలో ప్రశ్న కింద రాశాను: "నా దగ్గరుంది. సోమవారం ఇచ్చేస్తా."