వేంపల్లె రాతిలో సముద్రం

గండి దగ్గర కొండను చీల్చుకొని వచ్చిన పాపాఘ్ని నది, వేంపల్లె వైపు సాగేసరికి సున్నపురాతి నేల మీదికి దిగుతుంది. ఆ రాయి ఒకప్పటి సముద్రపు అడుగు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల గురించి రాసిన గ్రంథంలోనే ఈ ఊరి పేరు భూగర్భ శాస్త్రానికెక్కింది. ఈ పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిలల వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు. సున్నపురాయి అంతకన్నా పాతది.

ఇందులో గుల్ల గానీ చిప్ప గానీ దొరకదు. గుల్ల కట్టుకునే ప్రాణి పుట్టడానికి ఇంకా 130 కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. కనబడేవి స్ట్రోమటోలైట్లు: నిలువున కోసిన ఎర్రగడ్డలా పొర మీద పొర. లోతు లేని నీళ్లలో సూక్ష్మజీవులు జిగురుగా పరుచుకొని సున్నాన్ని పట్టి ఉంచిన గుర్తులవి. రాయిలో మెగ్నీషియం ఎక్కువ. అందుకే పలుచని ఆమ్లం చుక్క వేస్తే ఊరుకుంటుంది, పొడి చేసి వేస్తే బుసబుసా పొంగుతుంది. సున్నానికీ పులుపుకూ ఉన్న ఈ వైరమే ఇప్పుడు సముద్రంలో నడుస్తోంది.

పాపాఘ్ని కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. వాననీటికి కరిగిన ఈ రాతి సున్నం, ఏర్లు పారిన ఏడాది, నెల్లూరు దాటి బంగాళాఖాతం చేరుతుంది. ఆల్చిప్పలూ గుల్లలూ ఒంటిమీద కప్పుకునేది ఇలాంటి సున్నమే. ఈ మెట్టసీమ కొండకూ తీరపు గుల్లకూ ఇంత చుట్టరికముందని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మనం బొగ్గూ పెట్రోలూ కాల్చి వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతు సముద్రమే మింగుతోంది. అది నీటిలో కార్బోనిక్ ఆమ్లమై, గుల్లకు కావలసిన కార్బోనేటును ముందే లాగేసుకుంటుంది. ఒకప్పుడు 8.2 దాకా ఉన్న పైనీటి పీహెచ్ ఇప్పుడు 8.1 దాకా దిగింది. చూడ్డానికి చిన్న అంకె, కానీ ఆమ్లత్వం పాతిక శాతానికి పైగా పెరిగింది.

దెబ్బ ముందు తగిలేది పిల్లలకు. ఆల్చిప్ప పిల్ల మొదటి రెండు రోజుల్లోనే తొలి చిప్ప కట్టుకోవాలి, అదీ తల్లి గుడ్డులో పెట్టిన సత్తువతోనే. నీరు పులిస్తే ఆ సత్తువంతా చిప్పకే చెల్లిపోతుంది. 2007 తర్వాత అమెరికాలో, ఒరెగాన్ తీరంలోని విస్కీ క్రీక్ హేచరీలో కోట్లాది పిల్లలు పోయాయి. చివరికి తొట్లలో చాకలి సోడా కలిపి పులుపు విరిచారు.

వేంపల్లె సముద్రం నాటి గాలిలో కార్బన్ డయాక్సైడు ఇంకా ఎక్కువే. అయినా సున్నం పేరుకుంది. రాళ్ల నుంచి కరిగి వచ్చే సున్నం నీటిని సరిదిద్దేంత నిదానంగా జరిగిందంతా. ఆ సర్దుబాటుకు వేల ఏళ్లు కావాలి. మనం రెండువందల ఏళ్లలోనే ఇంత పులుపు పోశాం.

మన తీరానికి ఇంకో బాధ కూడా ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖపట్నం కేంద్రం శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, బంగాళాఖాతపు తీరజలాలు పులియడంలో గాలిలోంచి రాలే గంధకం, నత్రజని కాలుష్యానికీ పాలుంది. నేల మీంచి వీచే గాలి మోసుకొచ్చే ఆ పొగ ముందు దిగేది గుల్లలు పెరిగే ఆ తీరపు నీళ్లలోనే.