పీపాలో మాగిన పానము

మూసాపేటలో కాపురముండు ఒక సోదరి యీ నడుమ మా యింటికి వచ్చి నన్నొక ప్రశ్న యడిగెను. ఆమె భర్త హైటెక్ సిటీలో ఉద్యోగి. అమెరికానుండి వచ్చిన స్నేహితుడొకడు రెండు లీటర్లు పట్టు చిన్న ఓక్ కొయ్య పీపాను ఆయనకు కానుకగా నిచ్చెనట. అందులో విస్కీ కాక్‌టెయిలు పోసి మాగబెట్టవలెనని ఆయన ముచ్చట. "పీపాను ఆవకాయ జాడీల ప్రక్కన ఉంచవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక వేరొక కలత కలదు. ఆమె పుట్టినిల్లు నెల్లూరు జిల్లా. 1992లో అచ్చటి స్త్రీలు సారా దుకాణములను మూయించిన యుద్యమములో ఆమె తల్లియు నడచినది. దూబగుంట పేరు దేశమంతట వినబడిన దినములవి. ఆ యుద్యమ ఫలముగా 1993 అక్టోబరులో సారాయు, 1995 జనవరిలో సమస్త మద్యమును నిషేధింపబడెను. 1997లో మద్య నిషేధము సడలింపబడెను. ఆ తల్లి నెల దినములలో కూతురింటికి రానున్నది.

త్రాగుమని గాని మానుమని గాని బోధించుట నా యుద్దేశము కాదు. ఇంటిలోనికి వచ్చిన వస్తువు గుణదోషములు ఇల్లాలికి తెలిసియుండవలెను గదా! నాకు తెలిసినంత ఆమెకు చెప్పితిని. అదియే యిచ్చట వ్రాయుచున్నాను.

మాగుట యననేమి?

మాగుట మనకు క్రొత్త గాదు. మాగాయ జాడీలో మాగును. బాలింతలకిచ్చు దశమూలారిష్టము ధాతకీపుష్పముతో పాత్రలో మూతపెట్టి మాగబెట్టినదే. అయితే జాడీ తనలోని వస్తువునకు ఏమియు నియ్యదు. ఓక్ పీపా ఇచ్చును. పీపాను చేయునపుడు లోపలి కొయ్యను నిప్పుతో మాడ్చుదురు. ఆ వేడికి కొయ్యలోని చక్కెరలు పాకమువలె ఎఱ్ఱబారును. వెనిలా వాసన నిచ్చు పదార్థము పుట్టును. పైపొర బొగ్గయి ఘాటైన దుర్వాసనలను పీల్చుకొనును. కొయ్య రంధ్రములగుండ గాలి కొంచెము కొంచెముగా ప్రవేశించి కారమును మెత్తబరచును.

విస్కీని ఇట్లు మాగబెట్టుట పాత పద్ధతి. స్కాట్లండు విస్కీకి మూడేండ్లైనను పీపాలో నుండవలెనని చట్టము. కలిపిన పానమును పీపాలో పోయుట మాత్రము ఇటీవలిది. లండనులో టోనీ కొనిగ్లియారో సీసాలలో మాగబెట్టిన కాక్‌టెయిళ్లను రుచిచూచి, జెఫ్రీ మోర్గెన్‌థేలర్ అను నతడు 2010లో అమెరికాలోని పోర్ట్‌లండు నగరమున ఆ పనిని కొయ్యపీపాలో చేసిచూపెను. అక్కడినుండి యిది ఇండ్లకు ప్రాకెను.

చేయు విధము

మొదట పీపాను వేడినీటితో నింపి ఒకటి రెండు దినములుంచవలయును. కొయ్య ఉబ్బి సందులు మూసికొనును. కారుట ఆగిన పిదపనే పానము పోయవలెను. మన్‌హాటన్ అను కాక్‌టెయిలు దీనికి తగినది. విస్కీ 1250 మి.లీ., ద్రాక్షాసవములో మూలికలు నానవేసి చేయు తీపి వెర్మూత్ 625 మి.లీ., బిట్టర్స్ అను చేదు సారము 15 మి.లీ. కలిపి పోసి బిరడా బిగింపవలెను. పండ్లరసము, పాలు, మీగడ, గ్రుడ్డు ఎన్నడును చేర్పరాదు, అవి చెడిపోవును. వారమున కొకమారు పీపాను కొంచెము త్రిప్పవలెను. అయిదవ దినమునుండి చెంచాడు తీసి రుచి చూడవలెను. రుచి కుదిరినంతనే శుభ్రమైన గుడ్డతో వడగట్టి గాజుసీసాలలో నింపి తేదీ వ్రాసి యుంచవలెను. ఆలస్యమైనచో కఱ్ఱ రుచియే మిగులును. ఖాళీ పీపాను ఎండనీయరాదు. ఎండిన పలకలు విడిపోవును.

మన యెండలు

విస్కీ పరిశ్రమలో వాడు పెద్ద పీపా సుమారు 200 లీటర్లు పట్టును. రెండు లీటర్ల పీపాలో ప్రతి లీటరుకును అంతకు నాలుగున్నర రెట్లు కొయ్య తగులును. కనుక పని త్వరగా నగును. స్కాట్లండులో ఏటికి నూటికి రెండు వంతులు ఆవిరియగునట. బెంగుళూరులో 1948లో స్థాపింపబడి, 2004లో గ్లాస్గోలో తన విస్కీని విడుదల చేసిన అమృత్ వారి పీపాలలో నూటికి పది పండ్రెండు వంతులు పోవును. హైదరాబాదు వేసవి యెండ అంతకు తీసిపోదు.

కాగా ఆమె ప్రశ్నకు నా సమాధానము: ఆవకాయ జాడీల ప్రక్కన వలదు. కొయ్య గాలి పీల్చును. ఇంగువ, వెల్లుల్లి వాసన దాని నంటును. పొయ్యి వేడిమియు మంచిది కాదు. చీకటిగా చల్లగా నుండు బీరువాలో, తాళము క్రింద నుంచవలెను.

మెత్తదనపు మోసము

తాళ మేల యందురా? పీపా ఘాటును తగ్గించును గాని బలమును తగ్గింపదు. పై మిశ్రమములో నూటికి సుమారు 34 వంతులు మద్యసారమే. పొడి యెండలలో నీరు ముందుగా పోయిన, బలము పెరుగవచ్చును గూడ. 90 మి.లీ. గ్లాసులో 24 గ్రాముల మద్యసార ముండును. అనగా రెండున్నర చిన్న పెగ్గులకు దాదాపు సమానము. గొంతు మండదు గనుక రెండవ గ్లాసు సులభముగా దిగును. పసిపిల్లలకు రంగుచూచి షర్బతనిపించును. గర్భిణులకు ఇది చుక్కయు తగదు. స్త్రీలకు రొమ్ము క్యాన్సరు ముప్పును మద్యము పెంచును. ఎంత తక్కువైనను నిరపాయమనదగిన మోతాదు లేదని ప్రపంచారోగ్య సంస్థ 2023లో తెలిపెను. త్రాగిన చేయి వాహనమును పట్టరాదు. ఇంట కలుపుకొనుట వేరు, ఇంట సారా కాచుట వేరు; అది నేరమే గాక ప్రాణాపాయము.

నెల గడిచెను. ఆ సోదరి మరల వచ్చినది. తల్లి బీరువా చూచినదట, కోపింపలేదట. "అమ్మాయీ, ఇందులో ఎంత యున్నదో నీకు తెలియునా?" అని మాత్రము అడిగినదట. కూతురు పోసిన తేదీ, తీసిన తేదీ, సీసాల లెక్క వ్రాసిన చీటీ చూపినది. "తాళపుచెవి యెవరియొద్ద?" అనెనట తల్లి. కూతురు తన కొంగుముడి చూపినది. "ఆనాడు మా యింటిలో లెక్క తెలిసినది దుకాణదారుకే" అని తల్లి నిట్టూర్చెనట. పిమ్మట, "నెలకొక సీసా తగ్గినచో ఊరకుందువు. వారమున కొకటి తగ్గినచో?" అని యడిగెనట.

కూతురు ఆ రాత్రియే భర్తతో కూర్చుండి, ఎంతకు ఆగవలెనో యిరువురును మాటాడుకొని, ఆ చీటీ క్రిందనే వ్రాసికొనిరట. పీపాను రెండవమారు నింపుట యా లెక్క చూచిన పిదపనే యని చెప్పి, ఆమె నవ్వుచు ఇంటికి వెడలినది.