వార్తల్లో పదం: బ్యాండ్‌వాగన్ ప్రభావం

గెలిచేలా కనిపిస్తున్న పార్టీ వైపే ఓటర్లు మొగ్గడాన్ని బ్యాండ్‌వాగన్ ప్రభావం అంటారు. ఊరేగింపులో వాద్యబృందం కూర్చునే బండే బ్యాండ్‌వాగన్. 19వ శతాబ్దపు అమెరికాలో ఎన్నికల ప్రచారానికి వీటిని వాడటంతో ఆ పేరు రాజకీయాల్లో స్థిరపడింది.

ఓటు వృథా కాకూడదన్న తలంపు, నలుగురితో పాటు నడవాలన్న కోరిక దీనికి మూలాలు. అందుకే నాయకులు భారీ సభలు పెట్టి ‘గాలి మాదే’ అని చాటుకుంటారు. దీనికి భిన్నంగా, వెనకబడిన అభ్యర్థిపై సానుభూతితో ఓట్లు పడితే అది అండర్‌డాగ్ ప్రభావం.

ఇలాంటి ప్రభావాలు పడకుండా భారత్‌లో ప్రజాప్రాతినిధ్య చట్టం-1951లోని 126ఎ సెక్షన్, పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి దశ ముగిశాక అరగంట వరకు ఎగ్జిట్ పోల్స్ వెల్లడిని నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చు.