వార్తల్లో పదం: అదనపు సబ్జెక్టు

హైటెక్ సిటీలో కోడ్ రాస్తున్న ఎంపీసీ ఇంజినీరుకు డాక్టరు కావాలనిపిస్తే? అమెరికాలోనైతే ఏ డిగ్రీ చదివినా, కావలసిన సైన్స్ కోర్సులు పూర్తిచేసి, ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల ఎండీకి వెళ్లొచ్చు. మన దగ్గర ఆ దారి లేదు. ఇంటర్ దగ్గరికే వెనక్కి రావాలి.

ఒకప్పుడు అదీ కుదిరేది కాదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ రెండేళ్లు రెగ్యులర్‌గా, ప్రాక్టికల్స్‌తో సహా చదివి ఉండాలనేది పాత నిబంధన. 2023 నవంబరు 22న జాతీయ వైద్య కమిషన్ దాన్ని సడలించింది. ఇంటర్ పాసయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీనో బయోటెక్నాలజీనో అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసినవాళ్లూ నీట్ యూజీ రాయొచ్చు. ఇంగ్లిష్ మాత్రం ఉండాలి. గరిష్ఠ వయసు అడ్డంకి 2022లోనే పోయింది.

అసలు గండం పరీక్షే. 720 మార్కుల్లో 360 బయాలజీవి. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో పాఠాలు వింటే సరిపోదు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు అక్షరం వదలకుండా చదవాలి. పోటీయేమో రోజంతా కోచింగ్‌లో కూర్చునే పదిహేడేళ్ల పిల్లలతో! సీటొచ్చినా నాలుగున్నరేళ్లు జీతం ఊసుండదు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్‌లో వచ్చేది స్టైపెండే. ఇంటి లోను ఈఎంఐ ఉన్నవాళ్లకు, నా లెక్కన, బయాలజీ కంటే ఇదే కష్టం.