ఆడపడుచు వాటా

మంచి మనిషి అంటే ఎవరు? ఐదు పూటలా నమాజు చేసేవాడా? మృదువుగా మాట్లాడేవాడా? ఇవన్నీ మంచి లక్షణాలే. అయితే మనిషి అఖ్లాఖ్ తేటతెల్లమయ్యేది ఆస్తి పంపకాల దగ్గరే.

హిజ్రీ 3లో జరిగిన ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన ఆస్తినంతా సోదరుడు తీసేసుకున్నాడు. భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధిలో మొరపెట్టుకున్నారు. అప్పుడు నిసా సూరాలోని వారసత్వ ఆయత్ అవతరించింది. కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తీసుకోమని ప్రవక్త (స) ఆ సోదరుణ్ణి ఆదేశించారు. అంతా తనదే అనుకున్నవాడికి 24 భాగాల్లో 5 మాత్రమే దక్కాయి.

నేడు మన ఇళ్లలో ఏం జరుగుతోంది? "పెళ్లికి ఖర్చు పెట్టాం కదా, అదే వాటా" అంటారు. పెళ్లి ఖర్చు వారసత్వం కాదు. "చెల్లెలు మాఫ్ చేసింది" అంటారు. నలుగురిలో మొహమాటపెట్టి అనిపించుకున్నది మాఫీ ఎలా అవుతుంది? ముందు వాటా ఆమె చేతికివ్వాలి. ఆ తర్వాత ఇష్టపడి తిరిగిస్తే అది ఆమె ఔదార్యం.

పరుల మాట ఎందుకు? మేము ఏళ్ల తరబడి పిల్లలకు ఫరాయిజ్, అంటే వారసత్వ లెక్కలు బోధిస్తున్నాం. తండ్రికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మాత్రమే వారసులైతే, అప్పులు తీరాక మిగిలిన ఐదెకరాల్లో కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి. నల్లబల్ల మీద ఈ లెక్క ఏనాడూ తప్పలేదు. కానీ మా అబ్బాజాన్ పోయాక మా ఆపా వాటా అయిదేళ్లు మా దగ్గరే ఉండిపోయింది. అడిగితే ఇద్దామనుకున్నాం. ఆమె అడగలేదు. పుట్టిల్లు దూరమవుతుందన్న భయం ఆమె నోరు కట్టేసింది. ఆ మౌనాన్నే మేము సమ్మతి అనుకున్నాం. చివరికి కాగితాలు రాయించి ఇచ్చిననాడు ఆపా అడిగిన మాట ఒక్కటే: "ఇకముందు కూడా పండక్కి రావచ్చా?"

ఆ ప్రశ్నకు మేము తలెత్తలేకపోయాం.

సోదరులారా! అల్లాహ్ హక్కుల్లో లోపాలకు తౌబా ఉంది. దాసుల హక్కు మాత్రం దాసులకే చెల్లించాలి. ఆడపడుచు అడిగేదాకా ఆగకండి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.