జొన్నపాతర లెక్క

నా చిన్నప్పుడు మా పత్తికొండ వైపు నల్లరేగడి ఊళ్లలో జొన్నపాతరలుండేవి. మనిషెత్తు గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మన్ను కప్పేసేవాళ్లు. లోపల జరిగేది వినండి. గింజకు ప్రాణముంటుంది, అది ఊపిరి పీలుస్తుంది. ఉన్న ప్రాణవాయువు కాస్తా అయిపోయి బొగ్గుపులుసు గాలి నిండుతుంది. పురుగు ఊపిరాడక చస్తుంది, జొన్న దక్కుతుంది. అందుకే పాతర తెరవగానే ఎవర్నీ దిగనిచ్చేవాళ్లు కాదు. గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోయిన చోట మనిషీ నిలవడు.

ఈ పాతర ఊసు ఎందుకొచ్చిందంటే, మొన్న అమెరికా మనవడు ఫోన్ చేశాడు. గ్రీన్‌కార్డు ఉన్నవాడే, ఉద్యోగం పోయింది. వారంవారం నిరుద్యోగ భృతి వస్తోందట. "ఊరికే తీసుకోవడం సిగ్గుగా ఉంది తాతా" అన్నాడు. ఊరికే కాదురా, అది మీ యజమాని పోసిన పాతర అన్నాను. అక్కడ 1932లో విస్కాన్సిన్ రాష్ట్రం దీనికి చట్టం చేసింది, 1935 చట్టంతో దేశమంతా పాకింది. చాలా రాష్ట్రాల్లో ఈ పన్ను యజమానే కడతాడు. పనివాళ్లను ఎక్కువగా తీసేసేవాడికి తర్వాత పన్ను రేటు పెరుగుతుంది. తోడించినవాడే మళ్లీ పొయ్యాలన్నమాట. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది.

మనకూ ఒకటుంది, చాలామందికి తెలీదు. అదే ఈఎస్ఐ. జీతంలో పనివాడిది నూటికి ముప్పావలా, యజమానిది మూడుంబావు. నెలకు 12,000 వచ్చేవాడికి 90 కోస్తారు, యజమాని 390 కలుపుతాడు. మందులకేగా అనుకుంటాం. కానీ 2018 జులై 1న అందులోనే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పెట్టారు. మొదట సగటు రోజుకూలిలో పావు ఇచ్చేవారు, కోవిడ్ ఏడాది దాన్ని సగానికి పెంచారు. మన లెక్కలో రోజుకు 200. జన్మమంతా కలిపి 90 రోజులకు మించదు. రెండేళ్లు బీమా ఉన్న పనిలో ఉండాలి, చందా రోజుల లెక్క కుదరాలి. తప్పు చేసి పని పోగొట్టుకున్నవాడికి రాదు.

ఇక మన ఆదోని సంగతి. 1948 ఈఎస్ఐ చట్టం సీజన్ ఫ్యాక్టరీలను బయట పెట్టింది. అవేవో పేర్లు పెట్టి మరీ చెప్పింది: పత్తి జిన్నింగు, పత్తి ప్రెస్సింగు, వేరుశనగ కాయ ఒలవడం... ఆదోని బజారును చూసి రాశారా అనిపిస్తుంది! ఆ పని మాత్రమే చేసే మిల్లులో కూలీకి ఈ పాతర లేదు.

ఎందుకలా అంటే నా ఊహ చెబుతా. వెయ్యిమంది కలిసి పోసిన పాతర నిలిచేది ఎందుకు? ఎవరి పని ఎప్పుడు పోతుందో తెలీదు, అందరిదీ ఒక్కరోజే పోదు. జిన్నింగు అట్లా కాదు. పత్తి రాక ఆగితే అందరూ ఒక్కసారే ఇంటికి. కరువూ అంతే, ఊరంతా ఒకేనాడు గొయ్యి దగ్గరికొస్తుంది. లెక్క ఒప్పే. కానీ ఆకలికి లెక్క తెలీదు కదా! అప్పుడు పాతర ఊరిది చాలదు, సర్కారుది కావాలి.

అదే 2005 ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని అందులో రాశారు. మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు, తర్వాత కనీసం సగం, అదీ రాష్ట్ర ఖజానా నుంచి. తిరకాసు ఒక్కటే, అడిగినట్టు తేదీ వేసిన రసీదు కావలసి వచ్చేది. నోటిమాటగా అడిగి, పని లేదంటే మూటాముల్లె సర్దుకుని గుంటూరు మిరప తోటలకు సుగ్గికి, అంటే కోతల వలసకు, పోయేవాళ్ల దగ్గర ఆ కాగితం ఎక్కడుండేది?

మీ ఇంట్లో ఎవరైనా నూనె మిల్లులోనో అంగట్లోనో చేస్తుంటే జీతం చీటీ ఓసారి చూడండి. ఈఎస్ఐ అని కోత ఉంటే, బీమా నంబరు అడిగి రాసి పెట్టుకోండి.