డిఫరెన్షియల్ లాకు

డిఫరెన్షియల్ లాకు అనగా లారీ వంటి భారీ వాహనాలలో ఒకే ఇరుసుకు గల రెండువైపుల చక్రాలను గానీ, ఇంజను శక్తి అందే రెండు ఇరుసులను గానీ ఒకే వేగంతో తిరిగేటట్లు బంధించే ఏర్పాటు. బురదలోనో ఇసుకలోనో చిక్కుకొన్న వాహనాన్ని బయటకు తీయడానికి దీనిని ఉపయోగిస్తారు. గట్టి రోడ్డుపై దీనిని వాడటం ప్రమాదకరం.

అవసరం

వాహనం మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం లోపలివైపు చక్రం కంటే ఎక్కువ దూరం ప్రయాణించవలసి ఉంటుంది. రెండు చక్రాల మధ్య దూరం 2 మీటర్లు అనుకుంటే, వాహనం ఒక పూర్తి వృత్తం తిరిగేసరికి బయటి చక్రం సుమారు 12.6 మీటర్లు అదనంగా నడుస్తుంది. వృత్తం పెద్దదైనా, చిన్నదైనా ఈ తేడా మారదు. రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలు కల్పించే గేర్ల అమరికే డిఫరెన్షియల్.

అయితే సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ దాదాపు సమానమైన తిప్పే బలాన్నే అందించగలదు. ఉదాహరణకు బురదలో ఉన్న చక్రం 300 న్యూటన్-మీటర్లకే జారిపోతే, గట్టి నేలపై ఉన్న రెండవ చక్రానికి కూడా ఇంచుమించు అంతే అందుతుంది. లోడు లారీని కదల్చడానికి అది చాలదు. ఒక చక్రం గిర్రున తిరుగుతుంది, రెండవది కదలదు.

రకాలు

వెనుక రెండు ఇరుసులకూ ఇంజను శక్తి అందే టిప్పర్లలో సాధారణంగా రెండు రకాల లాకులు ఉంటాయి.

* ఇరుసుల మధ్య లాకు: రెండు ఇరుసులనూ సమాన వేగంతో తిప్పుతుంది.
* చక్రాల మధ్య లాకు: ఒకే ఇరుసుపై ఉన్న కుడి, ఎడమ చక్రాలను కలిపి తిప్పుతుంది.

చాలా లారీలలో డ్రైవరు స్విచ్చి వేయగానే సంపీడన గాలి ఒక పళ్ళ కప్లింగును జరిపి లాకు వేస్తుంది. లాకు పడినట్లు డ్యాష్‌బోర్డుపై దీపం వెలుగుతుంది.

వాడే విధానం

# జారుడు నేలలోకి ప్రవేశించక ముందే లాకు వేయడం మంచిది.
# వాహనాన్ని ఆపి, లేదా నడక వేగానికి తగ్గించి, క్లచ్ నొక్కి స్విచ్చి వేయాలి.
# మొదట ఇరుసుల మధ్య లాకును, అది చాలకపోతేనే చక్రాల మధ్య లాకును వేయాలి.
# తక్కువ గేరులో, నిలకడగా, వీలైనంత తిన్నగా నడపాలి.
# గట్టి నేల చేరగానే లాకు తీసివేయాలి.

జాగ్రత్తలు

చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు లాకు వేస్తే కప్లింగు పళ్ళు గానీ, యాక్సిల్ షాఫ్టు గానీ విరగవచ్చు. చక్రాల మధ్య లాకు పడి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పినా వాహనం తిన్నగా పోవడానికే మొగ్గు చూపుతుంది. కనుక మలుపులో అదుపు తప్పే ప్రమాదం ఉంది. టైర్లు కూడా త్వరగా అరిగిపోతాయి.

స్విచ్చి తీసిన తరువాత కూడా దీపం వెలుగుతూ ఉంటే, పళ్ళు ఒత్తిడి వలన ఇంకా పట్టుకొని ఉన్నాయని అర్థం. అప్పుడు యాక్సిలరేటరు వదలి, వాహనాన్ని నెమ్మదిగా కొద్ది దూరం ముందుకు, వెనుకకు నడిపితే సాధారణంగా లాకు విడిపోతుంది. దీపం ఆరిన తరువాతనే వేగం పెంచాలి.